తోలు లోపలి తెల్లగీత

అచ్చంపేట అంగడిలో బావి నీళ్లు తోడే తోలు మోటలు అమ్మే ఇస్రాయేలును పోయిన వారం ఒక చెడ్డ ఘడియలో వదిలి వచ్చాం. ఎర్రగుట్ట దొర గడీలో పన్నెండు రోజులు వెట్టి చేసి వచ్చాక అది అతని మొదటి అంగడి. తల్లి బాలనర్సమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, గోనెపట్టా పరిచి, వచ్చాక అతుకు వేసిన రెండు పాత మోటలూ పది జతల చెప్పులూ పేర్చి ఇంకా గంట కాలేదు. తుమ్మలకుంట దారిలో ఒక ఆడమనిషి చినిగిన మోటను నెత్తిన పెట్టుకుని వస్తోంది. కాపుల ఇంటి కోడలు నర్సింగమ్మ. కాపుల ఆడది తోలు నెత్తికెత్తుకుని పదిమందిలో నడిచి రావడం ఆ అంగడి ఎన్నడూ చూడలేదు.

ఆమె దగ్గరికి వచ్చేసరికి జనం పక్కకు జరిగారు. కొందరు తోలు తగులుతుందని జరిగారు, కొందరు ఆమె ముఖం చూసి జరిగారు.

నర్సింగమ్మ మోటను విసరలేదు. నీళ్లబిందెను దించినట్టు రెండు చేతులతో గోనెపట్టా మీద దించి, నడుం పట్టుకుని కాసేపు వంగే ఉంది. మూడు కోసుల దూరం నడిచింది. తోలులోని తడి కారి జుట్టు చెంపలకు అతుక్కుపోయింది. మోట అడుగుభాగం మూరెడు పొడవున చీలి, నోరు తెరిచి ఉంది.

"గిది నీదేనా?" అంది.

ఇస్రాయేలు ముద్ర వెతకనక్కర లేదు. అయినా వెతికాడు. మూతి పక్కన కాల్చిన ఇనుముతో వేసిన మూడు గీతలు.

"నాదే అమ్మా."

"బేస్తారం పొద్దుగాల తెగింది. మా ఇంటాయన తాడు మీద కూసున్నడు."

అంతకంటే చెప్పనక్కర లేదు. అక్కడ చేరిన వాళ్లంతా మోట కొట్టేవాళ్లో, కొట్టేవాళ్ల ఇంటివాళ్లో. బావిలోంచి నిండు మోట పైకి లేస్తుంటే ఎడ్లు ఏటవాలు బాటలో కిందికి దిగుతాయి. తోలేవాడు బిగిసిన మోకు తాడు మీద కూర్చుని తన బరువు కూడా దానికి కలుపుతాడు. సగం దారిలో మోట చినిగిందా, నీళ్ల బరువు ఒక్కసారిగా పోతుంది. ఎడ్లు బోర్ల పడతాయి, మోకు సడలుతుంది, కూర్చున్న మనిషి ఎటు పడతాడో, దేని కింద పడతాడో ఎవరూ చెప్పలేరు.

"పానం ఉన్నదా అమ్మా?"

"పానం ఉంది. నడుం కింద లేదు. కాలు గిచ్చితే, ఎవరి కాలో గిచ్చుతున్నమన్నట్టు చూస్తుండు."

ఇస్రాయేలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె మొగుడు జంగయ్య తనకు తెలుసు. ఎండిన వక్కలాంటి మనిషి. బేరమాడడం రాదు, నవ్వడం వచ్చు.

జర్మనీ లడాయి మొదలైన కొత్తలో ఇస్రాయేలు పట్నంలో ఒక తోళ్ల కార్ఖానాలో రెండేళ్లు పనిచేశాడు. అక్కడ సిపాయిల బూట్లకు పోయే తోలును మూట కట్టే ముందు ఒక తెల్లదొర వచ్చి అంచున చిన్న చీలిక కోయించి, లోపలి రంగు చూసేవాడు. బయటి రంగే లోపలా ఉంటే తోలు పండినట్టు. నడుమ తెల్లగా ఉంటే పచ్చి. పచ్చి తోలు తడిలో కుళ్లుతుంది, బరువు పడితే చినుగుతుంది. అది చూసిన రోజు ఇస్రాయేలుకు తిండి సయించలేదు. తన వాడలో నడుములు విరిగి కూర్చున్న మగవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురూ గడీ బావి దగ్గర పడ్డవాళ్లే. సిపాయి బూటును కోసి చూసేవాడు ఉన్నాడు గానీ, మనిషి ప్రాణం వేలాడే మోటను కోసి చూసినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడని అతనికి ఆ రోజు తట్టింది.

తిరిగి వచ్చి అంగడిలో కూర్చున్నాడు. తంగేడు చెక్కకు తోడు అమ్రాబాద్ అడవి కరక్కాయ కలిపి, తోలును లందలో, అంటే నేలలో పాతిన ఆ పెద్ద తొట్టిలో, నలభై రోజులు నానబెట్టాడు. రెండు నియమాలు పెట్టుకున్నాడు. కొనేవాడి ముందే అంచు కోసి లోపలి రంగు చూపాలి. చెప్పిన రోజుకు ఇవ్వాలి. తోలు పని చేసేవాడు 'రేపు' అంటే ఆ రేపు ఎన్నటికీ రాదని ఊళ్లలో ఒక ఎకసెక్కం. ఆ ఎకసెక్కాన్ని చంపాలని అతని పట్టుదల. ఆరు నెలల్లో అమ్రాబాద్ నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ రావడం మొదలైంది.

అందుకే ఇప్పుడు కూడా, చీలిన మోటను ముందు పెట్టుకుని, తప్పు తనది కాకపోవచ్చనే అనుకున్నాడు.

"మోకు ఎట్లున్నదమ్మా? పాతదా?"

"కొత్తది."

"బాయి ఒడ్డున రాయి ఏమన్న ఒరిసిందా?"

"ఒరిసే రాయి లేదు. ఇస్రాయేలూ, నువ్వు అంచు కోసి సూపెట్టి అమ్ముతవంట గద. మాకు అమ్మిన దినం ఎవ్వరు కోయలే. ఇప్పుడు కోయి."

ఇస్రాయేలు తల్లి వైపు చూశాడు. ఆ మోట అమ్మిన రోజున తాను గడీలో కట్టెలు కొడుతున్నాడు. దుకాణంలో కూర్చున్నది తల్లే. బాలనర్సమ్మ తొడ మీద కుట్టుదారం పేనుతోంది. తల ఎత్తలేదు.

"నాకు గా కోసుడు చాతగాదు కొడుకా," అంది. "నా చేతులు వణుకుతయని నీకెర్కలేదా?"

అప్పుడే గుంపు వెనక నుంచి రఘుపతి గొంతు వినిపించింది. ఎర్రగుట్ట గడీ గుమాస్తా. గుర్రాన్ని చింతమొద్దుకు కట్టేసి, తమలపాకు నములుతూ వచ్చి ముందు నిలబడ్డాడు. గడీకి ఊరికే తోలు ఇవ్వాల్సినవాడు అంగడికెక్కి దుకాణం పెట్టడం గడీకి మొదటి నుంచీ గిట్టలేదు. ఇవాళ మాత్రం రఘుపతి ముఖంలో ఎక్కడలేని చల్లదనం ఉంది.

"నర్సింగమ్మా, వానినెందుకు సతాయిస్తవ్?" అన్నాడు. "సంగతి తుమ్మలకుంటల ఆడోళ్లందరికి ఎర్కనే. కట్టి పదిదినాలు కాని కొత్త మోట. బయటుండి మోకు దాటినవంట. నిజమేనా?"

అంగడి చప్పుడు ఆ ఒక్క జాగాలో ఆగిపోయింది. ఆ ఊళ్లలో కొత్త మోటకు పసుపు కుంకుమ పెట్టి, కోడిని కోసి కడతారు. నెల తిరిగేవరకు ముట్టయిన ఆడవాళ్లు ఆ బావి వైపు పోరు. మోకు దాటడమంటే ఇంటి మగవాడి ప్రాణం దాటినట్టేనని నమ్మకం.

నర్సింగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కప్పుకోలేదు.

"నిజమే. దాటిన," అంది. "అత్తకు జరం. అంబలి తీస్కపోనీకె ఇంట్ల ఇంకెవ్వరు లేరు. బయటున్న అని చెప్తె ఆయన ఉపాసముంటడు. చెప్పకుంట పోయిన. మోకు అడ్డంగ పడి ఉన్నది. దాటిన. తెల్లారే తెగింది."

ఎవరో నాలుక చప్పరించారు.

ఆమె రఘుపతితో కాక ఇస్రాయేలుతోనే మాట్లాడింది. "మా అత్త నన్ను ఆయన అర్రల అడుగు పెట్టనిస్తలేదు. నా మొగని నోట్లె నేను నీళ్లు పోయొద్దంట. పోస్తె ఉన్న పానం గూడ పోతదంట. ఆయన గూడ ఏమంటలేడు, మొఖం గోడ దిక్కు తిప్పుకుంటుండు. నేనే చేసిన్నంటె సరే, చేసిన్ననుకుని బతుకుత. గని నాకు తెల్వాలె. నేను దాటితె తెగిందా, తోలు పచ్చిగుంటె తెగిందా? గదొక్కటి చెప్పు."

"కోసుడెందుకు?" రఘుపతి నవ్వాడు. "నీ తోలు మంచిదేరా ఇస్రాయేలుగా. నేనెన్నడన్న నీ తోలును మంచిదన్ననా? ఇయ్యాల అంటున్న. ముట్టు తగిలినంక ఇనుప బొక్కెన అయినా తెగుతది."

"గది మాత్రం నిజం," చుట్ట కాలుస్తున్న ఒక ముసలి రైతు అందుకున్నాడు. "మా మేనమామ బాయిల గిట్లనే అయింది. అయితే గాయన పడలే, ఎద్దు పడ్డది."

"ఎద్దు పడితే నయమే గద. మేనమామను మళ్ల కొనొచ్చా?" ఎవరో అన్నారు. ఇద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

రఘుపతి వంగి, ఇస్రాయేలుకు మాత్రమే వినబడేలా అన్నాడు. "తల ఊపు. దుకాణం నిలవడుతది. దొరకు గూడ నీ గురించి మంచిగ చెప్త. నేను చేసిన ఈ మేలు యాదికుంచుకుంటె చాలు."

ఇస్రాయేలుకు ఆ మేలు అర్థమైంది. ఒక్కసారి తల ఊపితే దుకాణం ఉంటుంది. గడీ ఉంచితే ఉంటుంది. ఆ తర్వాత తీసివేయమన్న రోజున తీసివేయాలి, ఇమ్మన్నది ఇవ్వాలి. ఊపకపోయినా నష్టమేమీ లేదనిపించింది, తోలు మంచిదైతే. తన తోలు మంచిదే. అతను రంపె తీసుకుని, తోలు కోసే ఆ వెడల్పాటి కత్తిని అరచేతి మీద రెండుసార్లు తిప్పి, మోట మూతి అంచున చిటికెన వేలి గోరంత చీలిక కోశాడు.

గోధుమ రంగు. ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒకే రంగు.

చూడడానికి వంగిన తలలు లేచాయి. "పండిన తోలే," అన్నాడు చుట్ట ముసలాయన. రఘుపతి ఆకు ఉమ్మేసి, అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

నర్సింగమ్మ ఏడవలేదు. "గంతెనా," అంది. "అయితె నేనే." అంటూ మోటను మళ్లీ ఎత్తుకోవడానికి వంగింది. ఇంటికి ఎందుకు మోసుకుపోవాలనుకుందో ఆమెకే తెలియదు. వేళ్లు తోలు మడతల్లో పట్టు దొరక్క జారుతున్నాయి.

ఇస్రాయేలు కత్తిని తుడవబోయి ఆగాడు. అలవాటుగా మొనను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పండిన తోలు ఎంత తడిసినా తంగేడు వాసనే వేస్తుంది. కత్తి మొన మీద నీచు వాసన ఉంది.

ఆ వాసన ఇంకెవరికీ పట్టదు. అంగడి నిండా ఉల్లి, ఎండుచేప, పొగాకు, మనుషుల చెమట. అతను కత్తి తుడిచేసుకుంటే ఆ సంగతి అక్కడితో సరి.

"జర ఆగమ్మా," అన్నాడు.

మోటను తిరగేసి, చీలిక పక్కన, వీపు తోలు మందంగా ఉన్నచోట, బెత్తెడు ముక్క అడ్డంగా కోసి తీశాడు. పైనొక గోధుమ పొర, కిందొక గోధుమ పొర. రెంటి నడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగీత. వేలితో నొక్కితే జిగురుగా లోపలికి దిగింది.

అతను లేచి నిలబడి, ముక్కను అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"అమ్మా, నువ్వు దాటినందుకు తెగలే," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "గిది పచ్చితోలు. ఇంక ఇరవై దినాలు లందల ఉండవలసింది ముందే తీసిండ్రు. నువ్వు దాటినా తెగుతుండె, దాటకున్నా తెగుతుండె. తప్పు నీది గాదు. నా దుకాణంది."

"పిచ్చిలేసిందారా నీకు?" రఘుపతి అన్నాడు.

"లేదయ్యా."

"పదిమంది ముంగట ఒప్పుకుంటున్నవా?"

"ఒప్పుకుంటున్న."

రఘుపతి ముఖంలోని చల్లదనం పోయి, అసలు ముఖం వచ్చింది. దానితోనే అతనికి హాయిగా ఉన్నట్టుంది. "మంచిది. నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకున్నవ్. కాపులు మెత్తటోళ్లు, ఏడ్సి ఊకుంటరు. గిదే మా గడీల అయితే దీన్ని తప్పు అనరు, ద్రోహం అంటరు. కట్టేసి తోలు తీద్దురు. అప్పుడు ఎవరి తోలు పండిందో తెలుస్తుండె." అని చుట్టూ చూశాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు, నవ్వాలి గనుక.

నర్సింగమ్మ నేల మీద కూర్చుండిపోయింది. ఆమె చూపు ముక్క మీది నుంచి కదలలేదు.

"గా ముక్క నాకియ్యి."

ఇచ్చాడు. చేతికి చేయి తగలకుండా కింద పెట్టబోతే, ఆమే అతని చేతిలోంచి లాక్కుంది.

"మా అత్తకు కండ్లు సరిగ కనిపించయి," అంది. "వాసన సూపిస్త." ముక్కను కొంగు చివర ముడివేసింది. ఆ ముడిని లాగి చూసుకుంది, మళ్లీ ఒక ముడి వేసింది. "నిన్ను తిట్టాలని వచ్చిన ఇస్రాయేలూ. దారి పొడుగునా తిట్లు జమచేస్కుంట వచ్చిన. ఇప్పుడు నోటికొస్తలేవు. ఇంటికి పోయినంక వస్తయి."

"నీ చేను ఎండనియ్యనమ్మా. రేపటి సంది నేనొచ్చి మోట కొడత. కోత అయ్యేదాక కొడత."

"ఎవరి మోటతోని?" అంది నర్సింగమ్మ.

ఆమె లేచి, చీలిన మోటను అక్కడే వదిలేసి, వచ్చిన దారినే పోయింది. ఈసారి జనం పక్కకు జరగలేదు, ఆమే వాళ్లను తప్పించుకుంటూ నడిచింది. కొంగు ముడి మీద చేయి మాత్రం తీయలేదు.

పొద్దున ఒక మోటను ఏరి పక్కన పెట్టించుకున్న రైతు దాన్ని మెల్లగా తీసుకొచ్చి పట్టా మీద పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. చుట్ట ముసలాయన తన కాళ్ల చెప్పులు విప్పి, అటూ ఇటూ వంచి చూసి, మళ్లీ తొడుక్కుని, "చెప్పులకు ఫికర్ లేదులే, తెగితె గంత దూరం పడం," అంటూ కదిలాడు. గుంపు పలచబడింది. రఘుపతి పక్క దుకాణంలో గుర్రానికి ఉలవలు బేరం చేస్తున్నాడు.

ఇస్రాయేలు తల్లి ఎదుట కూర్చున్నాడు. ఆమె చేయి ఇంకా దారం పేనుతున్నట్టే ఆడుతోంది. పేనాల్సినదంతా ఎప్పుడో పేనడం అయిపోయింది, ఉత్త చేయి తొడ మీద తిరుగుతోంది.

"అమ్మా, జంగయ్య కోసం మోట తయారు పెట్టి పోయిన గద. అది యాడికి పోయింది?"

"గడీ వాండ్లు వచ్చిండ్రు. నువ్వు పోయిన నాలుగొద్దులకు. రెండు కొత్త మోటలు కావాలన్నరు. తయారున్నది గదొక్కటే. దాన్ని తీస్కున్నరు."

"జంగయ్యకిచ్చింది?"

"లందలది."

"ఇరవై దినాలు గూడ కాలేదమ్మా దానికి."

"నాకెర్క." బాలనర్సమ్మ అప్పుడు తల ఎత్తింది. కళ్లలో నీళ్లు లేవు. "గాయన వచ్చి కూసున్నడు బిడ్డా. నీ కొడుకు ఇయ్యాల్టి దినం చెప్పిండు, చేను ఎండుతాంది, ఇంక నాలుగొద్దులైతె గింజ పట్టదు అన్నడు. నువ్వేమన్నవ్? తల తాకట్టు పెట్టయినా సరే, చెప్పిన దినానికి ఇయ్యాలె అన్నవ్. మీ నాయిన బతికినన్ని దినాలు రేపు రా, ఎల్లుండి రా అంటె ఊరోళ్లు మొఖం మీద ఉమ్మిండ్రు. నీ మొఖం మీద గూడ ఉమ్ముతరని తీసిన."

"అంచు ఎట్ల పండింది?"

"తంగేడు రసం రాసిన. మూడు పూటలు రాసిన. ఎవరన్న కోయమంటరేమోనని." ఆమె పేనిన దారాన్ని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. "లోపల సంగతి ఎవరు చూడొచ్చిండ్రు కొడుకా? దినం తప్పితె అందరికి కనిపిస్తది."

ఆ నియమం ఇస్రాయేలే పెట్టాడు. ప్రతి అంగడి నాడూ గొంతెత్తి చెప్పాడు. రంగు చూపడం తన చేతిలోనే ఉంచుకున్నాడు, రోజు తప్పకూడదన్నది మాత్రం ఇంట్లో అందరికీ నూరిపోశాడు. ఒక తోలు ఎన్నాళ్లు పండాలో తల్లికి తనకంటే బాగా తెలుసు. వ్యాపారానికి ఆ రెండింటిలో ఏది ప్రాణమో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఇంకేదో లెక్క కుదరడం లేదు. కళ్లు మూసుకుని లందను తలచుకున్నాడు. వెట్టికి పోయేముందు చివరిసారి చూసినప్పుడు అందులో తోళ్లు రెండు. ఇల్లు చేరినప్పుడు లంద ఖాళీ. కొత్త రసం కలపడానికి తోళ్లను తల్లే పక్క తొట్టిలోకి మార్చిందనుకున్నాడు.

"గడీ వాండ్లు రెండు మోటలు అడిగిండ్రంటివి."

దారం ఆగిపోయింది.

"తయారున్నది ఒక్కటే అంటివి. అమ్మా, రెండోది ఏమిచ్చినవ్?"

బాలనర్సమ్మ దారం ఉండను ఒడిలో పెట్టుకుంది. "రెండు దినాల్ల కుట్టి ఇయ్యకుంటె నిన్ను ఇంకో నెల ఉంచుకుంటమన్నరు కొడుకా. నీ బాంచెన్ దొరా అని కాళ్లు మొక్కిన. ఇనలే. లందల రెండున్నయి. ఒకటి గడీకి, ఒకటి జంగయ్యకు."

"గడీ బాయికి కట్టిండ్రా?"

"కట్టలేదనే అనుకున్న. పాతయి మంచిగనే నడుస్తుండె." ఆమె ఇప్పుడు అతని వైపు చూడడం లేదు. "నిన్న సుక్కమ్మ వచ్చింది గద. సోమవారం సంది రెండు గిరకలకు కొత్తవే కట్టిండ్రని చెప్పింది. నేను దాని మాట ఇననే ఇనలే. కూరాకు తెంపుకుంట ఊకొట్టిన."

సుక్కమ్మ ఇస్రాయేలు చెల్లెలు. ఎర్రగుట్ట మాదిగవాడలో ఇచ్చారు. నిన్న వచ్చింది ఆ మాట చెప్పడానికి కాదు, గంజికి జొన్నలు అడగడానికి. ఈ వారం గడీ బావి దగ్గర వెట్టి వంతు తన మొగుడిదనీ, చీకటితో పోయి పొద్దుగూకి వస్తున్నాడనీ, ఇంట్లో పొయ్యి వెలగడం లేదనీ అంది.

గడీ బావికి రెండు గిరకలు. రెండు మోటల్లో ఒకటి పండిన తోలు, ఒకటి పచ్చి. చెల్లెలి మొగుడు లింగస్వామి ఏ మోకు మీద కూర్చున్నాడో ఇక్కడ ఎవరికీ తెలియదు. రెండో మోకు మీద కూర్చున్నదీ ఆ వాడ మనిషే.

ఇస్రాయేలు లేచాడు. ఎర్రగుట్టకు ఐదు కోసులు. ఎంత పరుగెత్తినా పొద్దు తిరిగిపోతుంది. అప్పటికి ఎన్ని మోటలు లేస్తాయో, వాటిలో ఏది తెగుతుందో. గుర్రానికైతే అంత దూరం లెక్కలోది కాదు.

రఘుపతి ఉలవల మూటను జీనుకు కట్టుకుంటున్నాడు.

కొడుకు చూపు ఎటు పోయిందో బాలనర్సమ్మకు అర్థమైంది. ఒక్క ఉదుటున వంగి అతని కాలు పట్టుకుంది. "వద్దు బిడ్డా. వానికి చెప్పకు. ఇప్పుడే గద అన్నడు, గడీల అయితే ద్రోహమని. ఉరుకు, నువ్వే ఉరికి పో. దేవుడు సల్లగ చూస్తె అందుతవ్."

"అందకుంటె?"

"నువ్వన్న మిగులుతవ్."

అతను వంగి తల్లి వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. విదిలించుకోలేదు. "మోట కొనేటోడు ఎవరన్న కానీ అమ్మా. కూసునేటోడు మనోడే," అన్నాడు.

రఘుపతి రికాబులో కాలు పెట్టి ఎక్కి కూర్చునేసరికి ఇస్రాయేలు వచ్చి గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. గడీ గుర్రాన్ని మాదిగవాడు ముట్టుకోవడం చూసి ఉలవల దుకాణం మనిషి కొలపాత్ర కింద పెట్టేశాడు. రఘుపతి చెర్నకోల పైకి లేచింది.

"కొట్టు అయ్యా. కొట్టేముందు ఒక్క మాట ఇను," ఇస్రాయేలు అన్నాడు. "గడీ బాయికి సోమవారం కట్టిన రెండు మోటల్ల ఒకటి పచ్చిది. గా జంగయ్య మోట, అది ఒక్క లందలయి. ఏది పచ్చిదో చూస్తెగాని తెల్వదు. మోట ఆపియ్యమని జెప్పు. లింగస్వామిని, గా రెండో మనిషిని తాడు మీదికెల్లి దింపుమని జెప్పు. నేను ఎనుకనే వస్త. నన్నేం జేస్తరో అప్పుడు జెయ్యిండ్రి."

చెర్నకోల దిగలేదు, కొట్టనూ లేదు. గాలిలోనే కాసేపు నిలిచి, మెల్లగా రఘుపతి ఒడిలోకి వచ్చింది. అతను ఇస్రాయేలును కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"గడీకి పచ్చితోలు ఇచ్చినవా?"

"ఇచ్చినం."

"తెలిసే ఇచ్చిండ్రా?"

ఇస్రాయేలు వెనక్కి చూడలేదు. గోనెపట్టా దగ్గర తల్లి లేచి నిలబడిందని అతనికి తెలుసు. "తెలిసే ఇచ్చిన," అన్నాడు.

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదయ్యా. మీకే. జర జల్దీ పోవాలె అయ్యా."

రఘుపతి పొద్దు వైపు చూశాడు. చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని, ఎంత పొద్దెక్కిందో నిదానంగా అంచనా వేశాడు. "మంచిది," అన్నాడు. "కళ్లెం ఇడువు."

ఇస్రాయేలు వదిలాడు.

గుర్రం తిరిగింది. ఎర్రగుట్ట బాట కుడి చేతి వైపు, తంగేడు పొదల నడుమ నుంచి పోతుంది. గుర్రం ఆ బాట పట్టలేదు. ఎడమ చేతి వైపు, పోలీసు ఠాణా ఉన్న దిక్కుకు, పరుగు లేకుండా అడుగులో అడుగు వేసుకుంటూ సాగిపోయింది.